బొంతయ్య తవ్విన చెలమ

ఇప్పపూల వాసనతో ఏడాదిలో సగం రోజులు ఘుమఘుమలాడే ఆ అడవి పేరు తేనెకోన. ఆ కోనలో దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు, లెక్కలేనన్ని పిట్టలు కాపురముండేవి. కొండ మీద గుహలో ఒక పెద్దపులి కూడా ఉండేది. కానీ ఆకలేస్తే తప్ప అది కిందికి దిగేది కాదు.

తేనెకోన జంతువులకు ఒక సంఘం ఉంది. దాని పేరు ఆసరా సంఘం. కాలు బెణికినవాళ్లకు మేత తెచ్చి ఇవ్వడం, పిల్లల్ని కన్న తల్లులకు పండ్లు అందించడం, దారిలో పడ్డ ముళ్లకంప తీసెయ్యడం, పులి దిగితే అందరినీ కేకేసి హెచ్చరించడం, ఇవీ దాని పనులు. ఏటేటా అందరూ ఒకచోట కూర్చుని తమలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకునేవారు.

ఆ ఏడాది అధ్యక్షుడు నీలాంబరం అనే నెమలి. చూడ్డానికి చక్కనివాడు, మాట్లాడితే వినబుద్ధేసేది. అందుకే అందరూ అతన్నే కావాలన్నారు.

ఆ సంఘంలో బొంతయ్య అనే ఎలుగుబంటి కూడా ఉన్నాడు. పాత బొంత కప్పుకున్నట్టు అతనికి ఒళ్లంతా జుట్టే. నిజం చెప్పాలంటే, అతను సేవ మీద మనసుండి సంఘంలో చేరలేదు. సభ ముగిశాక పండ్లూ తేనే పంచుతారని ఎవరో చెబితే చేరాడు. సభలో చివర కూర్చునేవాడు. అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టేవాడు. తేనెపట్టు తన దగ్గరికి వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూసేవాడు.

నీలాంబరం వచ్చాక బొంతయ్యకు పండగే పండగ. ఎందుకంటే కొత్త అధ్యక్షుడికి ప్రారంభోత్సవాలంటే మహా ఇష్టం. ఏ పని మొదలుపెట్టినా వడ్రంగిపిట్టలు ఎండుమొద్దుల మీద టకటకా వాయించాలి. మోదుగపూల దండ మెళ్లో పడాలి. ఆపైన నీలాంబరం పింఛం విప్పి, చుట్టూ ఒకసారి తిరిగి, "మిత్రులారా!" అని మొదలుపెట్టేవాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడేవాడు. తర్వాత విందు. మర్నాటికల్లా ఆ పని సంగతి మరిచిపోయి, ఇంకో ప్రారంభోత్సవానికి దిగేవాడు.

అలా వాగు మీద వంతెన మొదలైంది. ఒక దుంగ సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ముసలివాళ్లు ఎండలో సేద తీరడానికి పందిరి మొదలైంది. గుంజలైతే లేచాయి గానీ పైన ఆకు పడలేదు. కొండకు బాట మొదలైంది. నరికిన ముళ్లకంపను బాట మధ్యలోనే వదిలేశారు. ఇవేవీ బొంతయ్య కంటికి ఆనలేదు. విందులో తేనె బాగుందా లేదా అన్నదే అతని విచారం.

ఇంతలో ఎండాకాలం వచ్చింది. తేనెకోనకంతటికీ ఆధారమైన మడుగు రోజురోజుకీ కుంచించుకుపోయింది. నీళ్లు తగ్గాయి, బురద పెరిగింది. దుప్పి తల్లులు పిల్లల్ని వెంటేసుకుని సంఘానికి వచ్చి మొరపెట్టుకున్నారు.

"భయపడకండి!" అన్నాడు నీలాంబరం. "ఎండిన వాగులో చెలమ తవ్విద్దాం. ఇసుక కింద ఊట ఉంటుంది. చల్లటి నీళ్లు తాగుదురుగాని."

ఎప్పటికంటే ఘనంగా ప్రారంభోత్సవం జరిగింది. నీలాంబరం ముక్కుతో ఇసుకను తాకాడు. అడవిపంది కోరయ్య తన మూతితో నాలుగు తవ్వులు తవ్వాడు. కుందేళ్లు మరికాస్త లోతు చేశాయి. చప్పట్లు మోగాయి. విందులో కొండతేనె వడ్డించారు. బొంతయ్య ఆ గుంత గట్టునే చతికిలబడి, వేళ్లు నాక్కుంటూ కడుపారా తిన్నాడు.

మర్నాడు కోరయ్య వెళ్లి అడిగాడు. "అధ్యక్షా, నీళ్లింకా పడలేదు. ఎప్పుడు తవ్వుదాం?"

"పడతాయి కోరయ్యా, మొదలైతే పెట్టాం కదా! నాకిప్పుడు తీరిక లేదు. సంఘం వార్షికోత్సవం దగ్గరపడుతోంది. పక్క అడవి సంఘం నుంచి అడవిదున్న గంగులప్పగారిని ముఖ్య అతిథిగా పిలిచాను. మన పనులన్నీ ఆయనకు చూపించొద్దూ?" అన్నాడు నీలాంబరం.

కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే బొంతయ్య చెదపురుగుల కోసం వాగు దాటి వెళుతున్నాడు. ఉన్నట్టుండి నేల లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. అటూ ఇటూ చూసి, చెలమ గుంతలోకి తొంగిచూశాడు. అడుగున చెవులవ్వ పడి ఉంది. ఆమె తేనెకోనలో అందరికంటే పెద్ద వయసు కుందేలు. నీళ్లు పడ్డాయేమో చూద్దామని వచ్చి, గట్టు జారి లోపల పడింది. ఎక్కబోయినప్పుడల్లా ఇసుక జారి, ఆమె నడుం దాకా కప్పేసింది.

బొంతయ్య వెంటనే బోర్లా పడుకుని, పొడుగాటి చెయ్యి కిందికి చాచి, ఆమెను మెల్లగా పైకి తీశాడు. ఒంటి మీది ఇసుక దులిపాడు.

"దెబ్బలేమైనా తగిలాయా అవ్వా?"

చెవులవ్వ కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు ఆసరా సంఘంవాడివే కదూ? ఒక్క మాట చెబుతా, విను నాయనా. మీ సేవ లేనప్పుడు కూడా మేం ఎలాగో బతికాం. ఇప్పుడు మీ సేవ నుంచి తప్పించుకుని బతకడమే కష్టంగా ఉంది!"

బొంతయ్య ఆ గట్టు వైపు చూశాడు. ఆమె నిలబడ్డ చోటే ఆ రోజు తను కూర్చుని తేనె తిన్నాడు. ఆ తేనె రుచి తలచుకోబోతే ఈసారి నోరూరలేదు. నోరు చేదయింది. సిగ్గుతో తల దించుకున్నాడు.

"క్షమించు అవ్వా. ముందు ఈ గుంత పూడ్చేస్తాను. ఇంకెవరూ ఇందులో పడకూడదు" అన్నాడు.

చెవులవ్వను నీడలో కూర్చోబెట్టి, లోపల ఇంకెవరైనా చిక్కుకున్నారేమో చూడ్డానికి అతను గుంతలోకి దిగాడు. పాదాలకు ఏదో చల్లగా తగిలింది. వంగి చూశాడు. అడుగున ఇసుక రంగు మారి ఉంది. గుప్పిట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కట్టింది.

"అవ్వా! తడి! లోపల తడి ఉంది!" అని కేక పెట్టాడు.

"ఉంటే పూడుస్తానంటావేంరా? తవ్వు!" అంది చెవులవ్వ, నొప్పులన్నీ మరిచిపోయి.

బొంతయ్య తవ్వడం మొదలుపెట్టాడు. చెదపుట్టలు తవ్వి తవ్వి కాయలు కాసిన చేతులవి. కానీ ఇసుక పుట్టమన్నులా నిలబడదు కదా. ఎంత తీస్తే అంత జారి లోపలికి పడింది. సాయంత్రానికి ఒళ్లు హూనమైంది, గుంత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అలసిపోయి ఒడ్డున కూలబడ్డాడు. తనవల్ల కాదేమో అనిపించింది. అటుగా ఒక దుప్పిపిల్ల వచ్చి, గుంతలోకి చూసి, ఏమీ అడక్కుండా వాళ్లమ్మ వెనక వెళ్లిపోయింది. అది అడిగినా బాగుండేది. ఆ రోజు బొంతయ్యకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు అతను కోరయ్య ఇంటికి వెళ్లాడు. "ఒక్కణ్ణే చెయ్యలేకపోతున్నాను. కాస్త చెయ్యి వేస్తావా?" అని అడిగాడు. ఎవరినైనా సాయం అడగడం అతనికి అదే మొదటిసారి.

"ఈ మాట కోసమే చూస్తున్నా పదవయ్యా!" అని కోరయ్య బిడ్డల్తో సహా లేచి వచ్చాడు.

ఆ సంగతి తెలిసి మిగతావాళ్లూ వచ్చారు. ఇసుక జారకుండా ఉండాలంటే గుంత నోరు వెడల్పు చేసి, పక్కలు వాలుగా తియ్యాలని తలా ఒక మాట అనుకుని తేల్చారు. కోరయ్య కుటుంబం మూతులతో ఇసుకను పెకలించింది. కుందేళ్లు వెనక్కాళ్లతో దాన్ని దూరంగా చిమ్మాయి. ఆ చిమ్మడంలో సగం ఇసుక బొంతయ్య జుట్టులోకే పోయేది. అతను ఒళ్లు విదిలిస్తే మళ్లీ అందరి మీదా పడేది. అందరూ పకపకా నవ్వేవాళ్లు. కొండముచ్చులు ఒడ్డు నుంచి రాళ్లు మోసుకొచ్చి పక్కలకు పేర్చాయి. చెవులవ్వ నీడలో కూర్చుని, ఒక్కరు ఆగినా, "ఏం, అప్పుడే అలుపొచ్చిందా?" అని గదమాయించింది. బొంతయ్యకు ఆకలి కూడా గుర్తురాలేదు. తన పక్కన ఇంతమంది ఉండి చేస్తుంటే పనిలో ఇంత సంతోషం ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

సంగతి నీలాంబరం చెవిన పడింది. రుసరుసలాడుతూ వచ్చాడు.

"అధ్యక్షుణ్ణి నేనుండగా ఎవరు పెట్టమన్నారయ్యా ఈ పని? రేపు వార్షికోత్సవం. వేదిక కట్టాలి, దండలు గుచ్చాలి. మీరేమో ఇసుక పూసుకుని ఇక్కడున్నారు!"

బొంతయ్య గుంతలోంచి తల పైకెత్తాడు. "మొదలుపెట్టింది మీరే కదండీ. మేం పూర్తి చేస్తున్నాం, అంతే."

"మట్టి పిసుక్కునేవాళ్లకు సంఘం గౌరవం ఏం తెలుస్తుంది!" అని నీలాంబరం విసురుగా వెళ్లిపోయాడు.

మర్నాడు గంగులప్ప వచ్చాడు. కొండంత దున్న. అంత దూరం ఎండలో నడిచి రావడంతో నాలుక పిడచకట్టుకుపోయింది. నీలాంబరం అతిథి మెళ్లో ఒక దండ వేసి, తనూ ఒకటి వేసుకుని, ఆయన్ని ఊరేగింపుగా తీసుకెళ్లాడు.

"ఇది మా వంతెన" అన్నాడు.

"అవతలి ఒడ్డు అందలేదే?" అన్నాడు గంగులప్ప.

"ఇది మా పందిరి."

"నీడ ఏదయ్యా?"

"ఇది మేం వేసిన బాట."

గంగులప్ప గిట్టలో ముల్లు గుచ్చుకుంది. దాన్ని రాతికి రాసి తీసేసుకుంటూ, "నీలాంబరం, ఇవన్నీ తర్వాత చూద్దాం. సన్మానం కూడా వద్దు. ముందు గుక్కెడు నీళ్లిప్పించు, చాలు" అన్నాడు.

"నీళ్లదేముందండీ! ముందు నా నాట్యం చూడండి, దాహమే మరిచిపోతారు" అని నీలాంబరం మడుగు గట్టుకు తీసుకెళ్లాడు. అక్కడ బురద మీదికి ఒక వేదిక ఉంది. అదీ సగం పనే. కర్రలు పరిచారు గానీ, తీగలతో కట్టలేదు. కట్టేవాళ్లంతా చెలమ దగ్గరున్నారు మరి.

నీలాంబరం వేదికెక్కి పింఛం విప్పాడు. వడ్రంగిపిట్టలు టకటకా వాయించాయి. ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టులో కర్రలు చెదిరిపోయాయి. నీలాంబరం దబ్బున బురదలో పడ్డాడు. లేవబోయినకొద్దీ లోపలికి కూరుకుపోయాడు.

"కాపాడండి!" అని అరిచాడు.

గంగులప్ప బురదలో దిగి, అందిన పింఛాన్నే నోట కరిచి బలంగా లాగాడు. నెమలి బయటికొచ్చాడు. ఈకలు మాత్రం చాలావరకు గంగులప్ప నోట్లోనే ఉండిపోయాయి.

సరిగ్గా అప్పుడే వాగువైపు నుంచి కోన దద్దరిల్లేలా కేకలు వినిపించాయి. "నీళ్లు! నీళ్లు పడ్డాయి!"

గంగులప్ప ఈకలు ఊసేసి అటు పరుగుతీశాడు. బురదోడుతూ నీలాంబరం వెనకే నడిచాడు.

చెలమలో ముందు ఊట సన్నగా చెమర్చింది. తర్వాత బొటబొటా కారింది. ఎర్రటి నీరు చేరింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా మెల్లగా తేరుకుని, అడుగున రాళ్లు కనిపించేటంత తేటపడింది. చెవులవ్వను ముందు తాగమన్నారు. ఆమె రెండు గుక్కలు తాగి, చెవులు నిక్కబొడుచుకుని, "కొబ్బరినీళ్లే!" అంది. దుప్పిపిల్లలు ఎగబడ్డాయి. గంగులప్ప కడుపునిండా తాగి, తృప్తిగా తలెత్తాడు.

"ఇన్ని సంఘాలు చూశాను. ఇంత మంచి పని చూళ్లేదు. మీ అధ్యక్షుడెవరు?"

అందరి చూపూ బొంతయ్య మీదికి వెళ్లింది. అతను కంగారుపడి, "నేను కాదండీ. వారే" అని నీలాంబరాన్ని చూపించాడు.

నీలాంబరం తోక కురచై, బురద ఎండి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాదు గంగులప్పగారూ, ఆ పేరుకు నేను తగను" అన్నాడు. మెళ్లో మిగిలిన దండ తీసి పక్కన పెట్టాడు. "మీ అందరికీ ఎండిన మడుగు వదిలి, నేను చప్పట్లు వెతుక్కున్నాను. ఇకనుంచి బొంతయ్యే మన అధ్యక్షుడు."

"రా నాయనా, ముందు కాళ్లూ రెక్కలూ కడుక్కో. నీళ్లకిప్పుడు కరువు లేదు" అంది చెవులవ్వ.

అందరూ సరేనని ఎన్నుకోగానే బొంతయ్య ఒకే కట్టడి పెట్టాడు. మొదలైన పనులు ముగిసేదాకా కొత్త పని ఎత్తుకోకూడదు. వంతెన అవతలి ఒడ్డుకు చేరింది. పందిరి మీద ఆకు పడింది. బాట మీది కంప తొలిగింది. నీలాంబరం అందరికంటే ముందే వచ్చేవాడు. ఎప్పుడూ దాచుకునే తన గరుకు కాళ్లతో ఎండుటాకులు గీరి, బాట శుభ్రం చేసేవాడు. పులి జాడ తెలిస్తే అతని గొంతు కొండ అవతలికి కూడా వినిపించేది. అందరూ పిల్లల్తో సహా క్షేమంగా తప్పుకునేవారు.

ఎండాకాలం అలా గట్టెక్కింది. ఒక మధ్యాహ్నం పడమటి కొండ మీద నల్లటి మబ్బు లేచింది. తొలి చినుకులు టపటపా రాలాయి. నీలాంబరం కురచతోక సంగతి మరిచిపోయి తడి ఇసుకలో ఆడాడు. దుప్పిపిల్లలు అతని చుట్టూ గెంతాయి. కోరయ్య బిడ్డలు దొర్లాయి. బొంతయ్యకు ఆట రాదు. అయినా రెండు చేతులూ పైకెత్తి, వానలో గిరగిరా తిరిగి తిరిగి, కళ్లు తిరిగి, నవ్వుతూ ఇసుకలో వెల్లకిలా పడిపోయాడు.

నీతి: ఆర్భాటంగా మొదలుపెట్టి వదిలేసిన పనులు ఎన్ని ఉన్నా వృథాయే, నలుగురితో కలిసి చివరిదాకా చేసిన ఒక్క పనే నిజమైన సేవ.