గరిక పీకిన వాకిలి

అనగనగా ఒక ఊరుండేది కన్నా. ఎండాకాలం వస్తే అక్కడ కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూచునేవి. అంత వేడి ఊరు. ఆ ఊరి చివర ఒక పంచదార మిల్లు, మిల్లు వెనక పనివాళ్ళకి కట్టించిన ఇళ్ళ వరస. ఆ వరసలో చిట్టచివరి ఇంటికి వకుళ అనే ఆవిడ కాపురానికి వచ్చింది. వాళ్ళాయన మిల్లులో మరలు చూసేవాడు. వాళ్ళకి నాలుగేళ్ళ పాప. బొద్దుగా ఉండేదని బంతి అని పిలిచేవాళ్ళు.

వకుళ పుట్టిల్లు రెండు రోజుల రైలు దూరం. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే ఏం చెయ్యాలో, అన్నం మానేస్తే ఏం పెట్టాలో చెప్పే పెద్దవాళ్ళు దగ్గర లేరు. అందుకని అన్నీ తనే చూసుకునేది, మూడేసి సార్లు చూసుకునేది. నీళ్ళు కాచి, వడకట్టి, మళ్ళీ కాచేది. తలుపు గడియ పెట్టి పడుకుని, లేచి వెళ్ళి మళ్ళీ గడియ చూసేది. బంతి నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. చెడ్డ మనిషి కాదు కన్నా. మంచి మనిషే. భయం ఉన్న మనిషి.

ఆ ఇంటి ముందు పది మంచాలు వేసేంత జాగా ఉండేది. దాని నిండా గరిక. ఎవరూ వెయ్యలేదు, ఎవరూ పెంచలేదు, దానంతట అదే పాకింది. ఒక మూల కుళాయి, కుళాయి పక్కన బట్టలుతికే బండ. పొద్దున్నే రెండు గోరింకలు వచ్చి ఆ గడ్డిలో పురుగులు ఏరుకు తినేవి. బంతి చెప్పుల్లేకుండా వాటి వెంట పరిగెత్తేది.

ఆ బండ కింద ఒక గోండ్రుకప్ప కాపురం ఉండేది. ముసలిది. ఒళ్ళంతా బొడిపెలు, గొంతు కింద సంచి. పొద్దుగూకి వరండాలో దీపం వెయ్యగానే, మెల్లిగా గడ్డిలోంచి నడుచుకుంటూ వచ్చి దీపం కింద కూచునేది. రాలిన పురుగునల్లా గుటుక్కున మింగేది. బంతి దానికి తాతగారు అని పేరు పెట్టింది. "అమ్మా, తాతగారు భోజనానికొచ్చారు!" అని రోజూ కేక పెట్టేది.

ఇలా ఉండగా ఒకనాడు బంతి కాలికి ఎర్రచీమలు కుట్టాయి. పాదం పూరీలా పొంగింది. వకుళ పిల్లని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. కాంపౌండరు చూసి, "చీమే కదమ్మా, పులి కాదుగా" అని నవ్వి, ఏదో పూసి పంపించాడు. బంతి ఇంటికి రాగానే మళ్ళీ గడ్డిలోకి దిగింది. కానీ వకుళ మనసులోంచి ఆ చీమ దిగలేదు.

అప్పుడు ఆ వరస ఇళ్ళలో కలుపు తీసే నూకాలుని పిలిచింది. నూకాలు అంటే కొడవలి భుజానేసుకుని తిరిగే ముసలమ్మ. వాకిలంతా ఒకసారి చూసి అంది కదా, "చీమకి మందేటమ్మా? ఆ పుట్టలో మరిగిన నీళ్ళు రెండు చెంబులు పోసి ఊరుకో. గరిక మంచిది, ఎండకి సావదు. పదేను రోజులకోసారి నాను కోసేత్తాను, నువ్వు తెల్లారగట్ల నీళ్ళు సల్లుకో. పురుగూ పుట్రా నీ కప్ప సూసుకుంటది."

"కప్పా?"

"ఆఁ. కూలడగదు, సెలవడగదు."

వకుళ నవ్వలేదు. "అలా కాదు నూకాలూ. నా బిడ్డ కాలు పెడితే దూది మీద పెట్టినట్టుండాలి. ఇక్కడ ఒక్క పురుగు కనపడకూడదు. అప్పుడే దాన్ని దింపుతాను" అంది.

ఇంకేం, నూకాలు మూడు రోజులు తవ్వి గరికంతా పీకింది. గంపలకొద్దీ రోడ్డవతల పారబోసింది. ఆ తర్వాత వకుళ చీమలకి తెల్లపొడి తెప్పించింది. డబ్బా మీద రాసింది మూడుసార్లు చదివింది. చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ. బకెట్టు మట్టికి రెండు చెంచాలు కలిపి చల్లమని రాసుంది. వకుళ రెండు చెంచాలూ కొలిచింది. ఆగింది. "పిల్ల ఉన్న ఇల్లు కదా" అనుకుని, ఇంకో చెంచా వేసింది.

ఆ తర్వాత బంతి పలక తీసుకుని, దాని మీద పెద్ద అక్షరాలతో 'దిగకూడదు' అని రాసి వరండా కటకటాలకి వేలాడదీసింది. బంతికి చదవడం రాదు. అందుకని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివించింది. "ఇది ఉన్నంతసేపు కాలు కింద పెట్టకూడదు. పెడితే ఏమవుతుంది?"

"జ్వరం వస్తుంది. అమ్మ ఏడుస్తుంది" అంది బంతి.

ఆ పిల్ల చదవడం నేర్చుకున్న మొదటి మాట అదే కన్నా.

అప్పుడు వాళ్ళాయన చల్లటి కొండల ఊరు నుంచి ఒక గడ్డి పట్టుకొచ్చాడు. పసిపిల్ల జుట్టంత మెత్తన. చలికాలమంతా కళకళలాడింది. "ఇప్పుడు దిగనా?" అని అడిగింది బంతి. "వేళ్ళు తన్నుకోనీ తల్లీ, తొక్కితే పాడైపోతుంది" అంది వకుళ. వేళ్ళు తన్నుకునేలోపు ఎండలొచ్చాయి. వారం తిరిగేసరికి గడ్డంతా చీపురు పుల్లల్లా ఎండి ఊరుకుంది. చలిదేశపు గడ్డికి ఆ ఎండలు కొత్త మరి.

చీమలు పోయాయి. చీమలతో పాటు గోరింకలూ పోయాయి. వాటికిక అక్కడ ఏం పని?

ఆ తర్వాత వకుళ రెండో గడ్డి వేయించింది. వెడల్పాటి ఆకులది, గట్టిది. కానీ దానికెప్పుడూ దాహమే. పొద్దున బకెట్లు, సాయంత్రం బకెట్లు. నేల ఆరితే ఒట్టు. ఆ తడిలో పెంకుపురుగులు గుడ్లు పెట్టాయి. గుడ్లలోంచి తెల్లగా, జంతిక ముక్కలా చుట్టుకున్న వేరుపురుగులు పుట్టాయి. గడ్డి మచ్చలు మచ్చలుగా పండిపోయింది. వకుళ పట్టుకుని లాగితే చాపలా చుట్టుకుని చేతిలోకి వచ్చేసింది. కింద వేళ్ళే లేవు.

అప్పుడు నీళ్ళమందు తెప్పించింది. మూడుసార్లు చదివింది. బిందెడు నీళ్ళకి రెండు మూతలు. పోసింది. "పిల్ల ఉన్న ఇల్లు కదా" అని ఇంకో మూత పోసింది. పలక మళ్ళీ వేలాడింది. మొదటిసారి మూడు రోజులే, ఈసారి మూడు వారాలు. నేలలోంచి వానపాములన్నీ పైకొచ్చి, మెలికలు తిరిగి, ఎండిపోయాయి. బంతి కటకటాల్లోంచి చూస్తూ వాటిని లెక్కపెట్టేది. ఇరవై దాటితే లెక్క రాదు కదా, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేది.

ఆ వారాల్లోనే వినాయక చవితి వచ్చింది. పూజకి గరిక కావాలి. వకుళ పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఒక్క పోచ లేదు. ఉన్న గడ్డి దేవుడికి పెట్టడానికి వీల్లేదు, దాని నిండా మందు. నూకాలుని బతిమాలితే కాలవగట్టుకు వెళ్ళి గుప్పెడు కోసుకొచ్చి ఇచ్చింది. ఇస్తూ ఊరుకుందా? "నిరుడు ఇదే సేత్తో గంపలకొద్దీ పారేసినాను. వినాయకుడు సూసి నవ్వుకుంటాడు" అంది.

సరే, రెండో గడ్డీ దక్కలేదు, ఇక మూడో గడ్డి. నర్సరీ అతను బండి మీద చాప చుట్టల్లా వేసుకుని తెచ్చాడు. "పరదేశం రకం అమ్మా, బెర్ముడా. ఎండంటే దీనికి లెక్కలేదు. పెద్ద పెద్ద ఆటల మైదానాల్లో ఇదే వేస్తారు" అన్నాడు. వకుళ మొహం వెలిగింది. ఇన్నాళ్ళకి సరైన గడ్డి దొరికిందని బంతిని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది.

నూకాలు చుట్ట విప్పింది. ఒక పోచ లాగింది. కణుపు చూసింది, వేరు చూసింది, పంటితో కొరికింది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమిటి నూకాలూ?"

"ఓలమ్మో, ఇది గరికే! సన్నంగా దువ్వి, పూసలు కట్టి పట్టుకొచ్చినాడు, అంతే. కణుపు సూడు, ఏరు సూడు. ఏం బాబూ, మా ఇంటి పిల్లని మాకే పెళ్ళిసూపులు సూపిత్తన్నావా?"

నర్సరీ అతను నేలచూపులు చూశాడు. "జాతి అదేనమ్మా. ఏరి పెంచినది" అన్నాడు.

అప్పుడు వకుళ నవ్వేస్తే బాగుండేది కన్నా. నవ్వేసి, పిల్లని ఆ చుట్ట మీదే దొర్లమని వదిలేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆవిడకి ఏడుపొచ్చింది. పీకించింది తను, చంపించింది తను. ఇప్పుడు ఆగితే అదంతా వృథా అవుతుంది కదా అనుకుంది. "వెయ్యండి" అంది.

వేశారు. గరిక కదా, ఇట్టే అందుకుంది. వాకిలి పచ్చబడింది. బంతి కటకట పట్టుకుని ఎగిరింది. "రేపు దింపుతాను" అంది వకుళ. తెల్లారి చూస్తే చివుళ్ళన్నీ ఎవరో కత్తిరించినట్టున్నాయి. లద్దెపురుగులు. ఆకు కింద, గోడ వార, గుమ్మం దగ్గర, ఎక్కడ చూస్తే అక్కడ. తినడానికి గోరింకలు లేవు. మిగిలిందల్లా తాతగారు ఒక్కడే. అంత గడ్డికి ఒక్క ముసలి కప్ప ఏం సరిపోతాడు?

నూకాలు చెప్పింది, "ఓ నెల ఓపిక పట్టమ్మా. గరిక సావదు, మల్లీ సిగురిత్తాది. పురుగుంటే గోరింకలే తిరిగొత్తాయి."

"రెండేళ్ళయింది నూకాలూ, నా పిల్ల నేల మీద దిగి. ఇంక నెల కూడా ఆగలేను" అంది వకుళ.

అప్పుడు గుళికలు తెప్పించింది. అన్నిటికంటే ఘాటు మందు. మూడుసార్లు చదివింది, కొలిచింది, చల్లింది. చల్లాక గిన్నె అడుగున గుప్పెడు మిగిలింది. పిల్ల ఉన్న ఇల్లు కదా. అదీ చల్లేసింది. పలక వేలాడదీసింది.

ఆ సాయంత్రం వరండాలో దీపం వేశారు. బంతి కటకటాల దగ్గర కూచుంది. బండ కింద గడ్డి కదిలింది. తాతగారు బయటికొచ్చాడు. రోజూలాగే మెల్లిగా, ఒక్కో అడుగే వేస్తూ, ఆ గడ్డిలోంచే నడిచొస్తున్నాడు.

"తాతగారూ, రావద్దు! పలక ఉంది! దిగకూడదు!" అని అరిచింది బంతి. చేతులూపింది, కటకట మీద కొట్టింది. తాతగారు ఆగి, ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ నడిచాడు. దీపం కిందకొచ్చాడు. గుమ్మం దగ్గర లద్దెపురుగులు చచ్చీ చావక పాకుతున్నాయి. ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది తిన్నాడు. బంతి ఏడుస్తుంటే వకుళ వచ్చి లోపలికి ఎత్తుకుపోయింది.

పొద్దున్న తాతగారు బండ దగ్గర వెల్లకిలా పడి ఉన్నాడు. పొట్ట తెల్లగా ఉంది. నూకాలు వచ్చింది. కొడవలితో చిన్న గుంట తీసి పూడ్చింది.

వకుళ బంతి పక్కన కూచుని, "తాతగారు ఊరెళ్ళారమ్మా" అంది. పిల్లతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు ఆవిడ. అదే మొదలు.

బంతి కటకటాల్లోంచి గుంట వైపే చూస్తోంది. "తాతగారికి చదవడం రాదు కదమ్మా" అంది.



ఆ తర్వాత నెల గడిచింది. మొదటి వానలు పడ్డాయి. వాకిలి ఎంత పచ్చగా అయిందంటే, దారిన పోయేవాళ్ళు సైకిళ్ళాపి చూసేవాళ్ళు. ఒక్క చీమ లేదు. ఒక్క పురుగు లేదు. చీకటి పడితే కీచుమనే చప్పుడు కూడా లేదు. వకుళ పలక తీసింది. తడిగుడ్డతో అక్షరాలు తుడిచింది, పోలేదని మళ్ళీ తుడిచింది. బంతి చెప్పులు తనే విప్పింది.

"రా తల్లీ, దిగు."

బంతి మెట్టు మీద నిలబడింది. ఆరేళ్ళ పిల్ల ఇప్పుడు. "మందు చల్లి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"నెల దాటింది."

"లెక్కపెట్టావా?"

"మూడుసార్లు పెట్టాను."

బంతి ఒక కాలు కిందికి చాపింది. వేలు గడ్డికి తగలబోతుంటే వెనక్కి తీసుకుంది.

"భయమెందుకమ్మా? పలక తీసేశానుగా" అంది వకుళ.

"పలక లేకపోయినా నాకు కనపడుతోందమ్మా" అంది బంతి.

అని లోపలికి వెళ్ళి, చెప్పులు వేసుకుని, సబ్బుతో చేతులు కడుక్కుంది. ఒకసారి. రెండోసారి. మూడోసారి. అచ్చం వాళ్ళమ్మ కడుక్కున్నట్టే.

వకుళ ఒక్కతే గడ్డిలోకి దిగింది. నిజంగానే దూది మీద కాలు పెట్టినట్టుంది. మధ్యలో కూలబడి, పొద్దుగూకేదాకా లేవలేదు. లేచి వెళ్ళి వరండాలో దీపం వేసింది. ఎక్కడినుంచో రెండు పురుగులు వచ్చి, దీపం చుట్టూ తిరిగి, కింద రాలాయి. వాటిని తినడానికి ఎవరూ రాలేదు.

అదీ కథ. ఊఁ కొట్టడం మానేశావేం? నిద్రా, ఏడుపా? ఏదీ, అరికాళ్ళు చూపించు. అబ్బో, మట్టే! సాయంత్రమంతా ఎక్కడ దొర్లావు? వేళ్ళ సందుల్లో గడ్డి కూడానూ. లేవకు, లేవకు. ఉండనీ. దుప్పటి రేపు ఉతుక్కోవచ్చు.

గోరింక పోయింది గట్టవతలకి,
కప్ప పోయింది మట్టడుక్కి,
కథ పోయింది కంచి దారికి,
మట్టికాళ్ళతో మనం నిద్దరకి.