ముక్కువాసి

అనగా అనగా, నీటి మీద పడవ అనేది ఇంకా నడవని రోజుల్లో, ఒక పెద్ద సరస్సు ఉండేది. దానికి సంచిరాజు అనే గూడబాతు రాజు. ఆయన కొలువులో దీర్ఘనాసుడు అనే ముసలి కొంగ వైద్యుడు.

మనుషుల్లో మంచి వైద్యుణ్ణి హస్తవాసి ఉన్నవాడంటారు కదా. కొంగకి హస్తం లేదు. అందుకని దీర్ఘనాసుడిది మంచి ముక్కువాసి అని పక్షులన్నీ చెప్పుకునేవి.

ఒక వానాకాలం పక్షిపిల్లలకి రెక్కజారుడు జబ్బు తగిలింది. ఎప్పుడో గాని, ఏ కొద్దిమందికో గాని రాని జబ్బు. వస్తే రెక్కలు వేలాడిపోయేవి. కొన్ని పిల్లలు లేచేవి, కొన్ని లేచేవి కావు.

రాజుగారి గూట్లో మూడు పిల్లలకి వచ్చింది. దీర్ఘనాసుడు తుంగదుంప నలిపి రసం పోశాడు. తగ్గేదాకా చేప ముట్టకూడదని పథ్యం పెట్టాడు. మూడూ లేచాయి. రాజు పొంగిపోయి, ఇకపై రెక్కజారిన ప్రతి పిల్లకీ ఆ రసమూ ఆ పథ్యమూ తప్పవని చాటించబోయాడు.

సరిగ్గా ఆ ఉదయమే బుడుంగమ్మ అనే నీటికోడి పిల్లకి రెక్క జారింది. ఆ పిల్ల పేరు తుంపర. అసలే బక్కది. చేప మాన్పిస్తే ఏమవుతుందోనని తల్లికి ఒక గుబులు, మందు పోయించకపోతే ఏమవుతుందోనని ఇంకో గుబులు. ఉండబట్టలేక కొలువుకి వచ్చింది.

మూడింటికి తగ్గితే అందరికీ తగ్గుతుందని ఏమిటి నమ్మకమని అడిగింది. అవి మందు లేకపోయినా లేచేవేమో కదా అంది.

దీర్ఘనాసుడికి కోపం రాలేదు. మూడేమిటి, ఇంకా కొందరికి తగ్గించానని చెప్పి, లేచిన పిల్లల్ని పిలిపించి వరసగా నిలబెట్టాడు. బుడుంగమ్మ ఆ వరస వెంట నడిచి చూసింది. అన్నీ బలమైన పిల్లలే. వైద్యుడి గూడు తాటిచెట్టు మీద. అంత ఎత్తు ఎక్కగలిగినవే మందు తాగాయి. ఎక్కలేనివి మందుదాకా రానేలేదు.

"మరి మందు తాగి కూడా లేవని పిల్లలేవి, తాతా?" అంది.

"అవి పథ్యం తప్పాయమ్మా. వాటిని నేను లెక్కలోకి తీసుకోను."

పక్కనున్న కొక్కిరాయి కిసుక్కున నవ్వింది. పొద్దస్తమానం బురద కెలుక్కునేదానికి వైద్యం కావలసొచ్చిందే అంది.

బుడుంగమ్మ దానికేసి చూడలేదు. "సాయంత్రం గూటికి చేరగానే నా పిల్లల్ని లెక్కపెట్టుకుంటాను మహారాజా. గడ్డిలో దూరి కనబడనిదాన్ని కూడా కలిపే లెక్కపెడతాను. లేకపోతే అది తప్పిపోయిందని నాకెలా తెలుస్తుంది?"

అయితే ఏం చేయమంటావని రాజు అడిగాడు.

కొందరికి మందూ పథ్యమూ పెడదాం, కొందరికి మామూలు తిండే పెడదాం, రెండు వైపులా చూద్దాం అంది బుడుంగమ్మ. ఎవరు ఎటో మనం ఏరితే మళ్లీ గట్టివాటినే ఏరుకుంటాం గనక, ఒకవైపు తెలుపూ ఒకవైపు నలుపూ ఉన్న ఈక వదిలి, తెలుపు పైకి పడితే మందు అనుకుందాం అంది. పథ్యం తప్పినా సరే, ఏ వైపు పడ్డ పిల్లని ఆ వైపే లెక్కపెట్టాలంది.

దీర్ఘనాసుడు ఆలోచించి, మన సరస్సులో జబ్బుపడ్డవి మరీ కొద్ది, కొద్దిమందితో ఏమీ తేలదు అన్నాడు. అది నిజమే. అందుకని బాతులు ఎగిరి వెళ్లి ఇరుగుపొరుగు సరస్సులు రెంటికీ కబురు చెప్పాయి. అక్కడా అదే దుంప, అదే పథ్యం, అదే ఈక.

తుంపర వంతు వచ్చింది. ఈక గాలిలో తిరిగి తిరిగి నలుపు పైకి పడింది. మందు లేదు.

వైద్యుడికి జాలేసింది. ముక్కు కిందికి వంచి, "ఈ ఒక్కదానికీ గుట్టుగా పోసేస్తాలే, అమ్మాయ్" అన్నాడు.

బుడుంగమ్మ ఒప్పుకోలేదు. "వద్దు తాతా. అది మంచి చేస్తుందో చెడు చేస్తుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. నాకు మారిస్తే ప్రతి తల్లీ మార్చమంటుంది. ఇక ఎప్పటికీ ఎవరికీ తెలీదు."

పిల్లని పొదువుకుని వెళ్లిపోయింది. చిన్న చిన్న చేపపిల్లల్ని ఏరి తెచ్చి, దాని నోట్లో పెడుతూ కూర్చుంది.

వానలు వెనకపట్టాయి. బాతులు తిరిగొచ్చాయి. లేచినవాటినీ, లేవనివాటినీ, పథ్యం తప్పినవాటినీ కలిపి లెక్క చూశారు. మూడు సరస్సుల్లోనూ మందు లేని వైపే ఎక్కువ పిల్లలు లేచాయి. రాజు తన చాటింపు మాట మళ్లీ ఎత్తలేదు.

దీర్ఘనాసుడు చాలాసేపు ఒంటికాలి మీద నిలబడ్డాడు. అప్పుడే తుంపర తప్పటడుగుల రెక్కలతో ఎగిరొచ్చి, చోటు దొరక్క, ఆయన ముక్కు మీద వాలింది.

ముసలివాడు కదలకుండా దాన్ని మోస్తూ అన్నాడు: "ఇన్నాళ్లూ నాది ముక్కువాసి అనుకున్నాను బుడుంగమ్మా. ఎక్కువ లేచింది చేప తిన్నవే, మరి చేపవాసేమో. ఈసారి రసం పోసి, చేప మాన్పించకుండా చూద్దాం. నీ ఈక తీసుకురా."

కాబట్టి పిల్లలూ, నిజం తెలియాలంటే మనకి నచ్చినవాళ్లనే కాదు, కనబడకుండా పోయినవాళ్లని కూడా కలిపి లెక్కపెట్టాలి.