నీళ్ళు చల్లారేదాకా

జపాను కొండల్లో ఒక పల్లె ఉండేది. అక్కడ ఓతమె అవ్వ కోతకి ఇరవై రోజుల ముందే టీ పొదల మీద రెల్లు చాపలు కప్పి, ఆకుని ఎండ తగలనీయకుండా పెంచేది. ఆకుకి తీపి అలాగే వస్తుందని వాళ్ళ అమ్మమ్మ నేర్పిన విద్య.

ఒకనాడు ప్రభువుగారి టీ అధికారి కురిమొతో తోట చూడవచ్చాడు. "కొండవాళ్ళ ఆకుకి మర్యాదలొకటా!" అంటూ కెటిల్‌లో సలసల కాగే నీళ్ళు తనే అవ్వ కప్పులో వేసిన ఆకు మీద గుమ్మరించి, ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"చేదు విషం! ఈ తోట పీకేయండి."

పల్లెంతా నిలువునా నీరైపోయింది. అవ్వ మాత్రం చెక్కుచెదరలేదు.

"చిత్తం దొరా. పీకేముందు మీ కోట తోట ఆకు ఎంత గొప్పదో మాకూ చూపించండి."

అధికారి మురిసిపోయి తన వెండి డబ్బాలోంచి చిటికెడు ఆకు ఇచ్చాడు. అవ్వ అదే కెటిల్‌లోని మరిగే నీళ్ళు దాని మీద పోసి అందించింది. అతను తాగాడు, మొహం వికారంగా పెట్టాడు.

"బుద్ధిలేనిదానా! ఇంత మేలైన ఆకుకి మరిగే నీళ్ళా? కప్పు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాలి!"

"ఇందాక మీరు పోసిన తీరు చూసే పోశాను దొరా. ఆ నీళ్ళేవో మా ఆకుకీ చల్లారనివ్వండి."

ఊరంతా చూస్తుండగా అతను కూర్చున్నాడు. నీళ్ళు చల్లారాక అవ్వ తన ఆకుతో టీ పోసిచ్చింది. తాగాడు. తోట పీకే మాట మళ్ళీ ఎత్తలేదు. ఖాళీ కప్పు మాత్రం మెల్లగా ముందుకి జరిపాడు.

కెటిల్‌లో రెండోసారి పెట్టిన నీళ్ళు అప్పుడే మరిగాయి. అవ్వ దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"కూర్చోండి దొరా, నీళ్ళు ఇంకా చల్లారాలి."