తరగని నల్లదారం ఉండ

అనగనగా ఒక ఏరు. ఏరు పల్లంలో పారుతుంది, పొలాలు మెరకన ఎండుతాయి. నీళ్ళు కంటికి కనబడతాయి, చేనుకు అందవు. ఆ ఏటి ఒడ్డున కోటాచారి అనే వడ్రంగి ఉండేవాడు. మంచి పనివాడు. మనిషీ మంచివాడే. అయినా ఈ కథలో అతను తల దించుకోక తప్పదు. ఎందుకో చెబుతాను, వినండి పిల్లలూ.

కోటాచారి ఒక యంత్రం ఆలోచించాడు. తాటిచెట్టంత చక్రం. దాని అంచు చుట్టూ కుండలు. ఏటి వేగానికి చక్రం తిరుగుతుంది. కింద మునిగిన కుండ నీళ్ళు నింపుకుని పైకి వచ్చి కాలువలో ఒంపుతుంది. ఎద్దు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. చక్రం కోటాచారి చెక్కాడు. ఇరుసుకు ఇనుప కట్లు కమ్మరి బసవయ్య వేశాడు. కుండలు కుమ్మరి పోలమ్మ చేసింది. ముగ్గురూ ఒక తాటాకు పాకలో పని పెట్టారు.

ఆ పాకలో ఒక ఆచారం ఉండేది. మధ్యాహ్నం ముగ్గురూ ఒకే చాప మీద కూర్చునేవారు. ఆ పూట పనిలో కనిపించిన తప్పేదో బయటపెట్టనిదే ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టకూడదు. ఆ మొదటి ముద్దకు 'వంక ముద్ద' అని పేరు పెట్టుకున్నారు.

"అన్నా, నీ చక్రం ఒకపక్కకి ఒరుగుతోంది. నీలాగే దానికీ నిద్ర చాలలేదేమో!" అనేది పోలమ్మ.

"నీ కుండ మూతి మరీ సన్నం పోలమ్మా. ఏట్లో మునిగినా దాహంతోనే తేలేలా ఉంది" అనేవాడు కోటాచారి.

"మీ రెండిటికంటే ముందు నా కట్టే ఊడుతుందిలే" అని బసవయ్య తన వంక తానే చెప్పుకునేవాడు.

నవ్వుకునేవారు, తినేవారు, పొద్దు వాలేలోగా దిద్దుకునేవారు. అలా దిద్దుకుని దిద్దుకుని ఒక చక్రం నిలబెట్టారు. మెరకకు నీళ్ళెక్కాయి.

రాజుగారు వచ్చి చూసి ముచ్చటపడ్డారు. "ఏటి పొడుగునా ముప్పై ఊళ్ళున్నాయి. ముప్పై చక్రాలు కావాలి" అన్నారు. ఇంకేముంది! పాక పోయి సావిళ్ళు లేచాయి, కోటాచారికి మేడ లేచింది. ముగ్గురు ముప్పైమంది అయ్యారు, ముప్పైమంది నూరుమంది అయ్యారు. పెరగడం తప్పు కాదు. పెరుగుతూ పెరుగుతూ వాళ్ళు ఏం పారేసుకున్నారో అదే ఈ కథ.

మొదట చాప పోయింది. ఒకనాడు రాజోద్యోగులు వస్తే కోటాచారి వాళ్ళతో మేడ మీద భోంచేశాడు. కింద చాప దగ్గర పోలమ్మ అతనికి విస్తరి వేసి చాలాసేపు ఎదురుచూసింది. మర్నాడూ వేసింది, ఆ మర్నాడూ వేసింది. నాలుగోనాడు వెయ్యలేదు. మేడ మీంచి అది చూసి కోటాచారికి మనసు చివుక్కుమంది. 'నూరుమందికి పెద్దవాణ్ణి, నేల మీద కూర్చుంటే ఏం బాగుంటుంది?' అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తర్వాత మాట పోయింది. సావడికో మేస్త్రి వచ్చాడు. ఇనుప కట్ల సావడికీ, కుండల సావడికీ బసవయ్యే మేస్త్రి. ఒకరోజు పోలమ్మ మట్టిచేతులతోనే మేడమెట్లెక్కి "అన్నా, ఒక్క మాట" అంది.

"ఏదైనా ఉంటే మేస్త్రితో చెప్పు పోలమ్మా. అందరూ నా దగ్గరికే వస్తే ఎలా?" అన్నాడు కోటాచారి.

"అలాగే అయ్యగారూ" అని ఆమె దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ అన్నా అని పిలవలేదు.

ఆఖరికి కబుర్లు బుట్టలోకి ఎక్కాయి. కోట నుంచి చెంచురాయుడు అనే పెద్ద గుమాస్తా వచ్చి చేరాడు. "అయ్యా, నూరు నోళ్ళు, నూరు మాటలు! తమకు వినే తీరిక ఏదీ? మేస్త్రీలు ప్రతి కబురూ తాటాకులో చుట్టి బుట్టలో వేస్తారు. మంచి కబురుకు పసుపు దారం, చెడ్డ కబురుకు నల్లదారం. దారం రంగు చూస్తే చాలు, తమకు సంగతి తెలిసిపోతుంది" అన్నాడు. కోటాచారి మురిసిపోయాడు. బుట్ట పక్కన రెండు దారపు ఉండలు వెలిశాయి.

ఆ వారమే ఒక నల్లదారం వచ్చింది. కట్లకు తెచ్చిన ఇనుము నాసిరకమని బసవయ్య పంపిన కబురది. చుట్టాలతో విస్తరి ముందు కూర్చున్న కోటాచారి దాన్ని చూసి మొహం చిట్లించాడు. "తినబోయే ముందు ఈ దరిద్రం ఏమిటి? బసవయ్యకు మేస్త్రీగిరీ తలకెక్కినట్టుంది!" అని అందరి ముందూ అనేసి ఆకును విసిరికొట్టాడు. పిల్లలూ, ఈ మనిషే ఒకప్పుడు వంక వినందే ముద్ద ముట్టనివాడు!

ఆ మాట మెట్లు దిగి సావిళ్ళన్నీ చుట్టేసింది. అంతే, మళ్ళీ ఒక్క నల్లదారమూ రాలేదు. ఏడాది తిరిగింది. బుట్ట నిండా పసుపే. కోటాచారి కొలువుకు వెళ్ళి, "ప్రభూ, ఏడాదిగా మా దగ్గర నల్లదారమన్న మాటే లేదు!" అని గొప్ప చెప్పుకున్నాడు. రాజుగారు శాలువా కప్పారు.

ఇరవైతొమ్మిది చక్రాలు నిలిచాయి. ముప్పయ్యోది ఎండపల్లికి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండపల్లి వాళ్ళు గుక్కెడు గుక్కెడు మోసి నారు బతికించుకుంటున్నారు. వచ్చే ఏకాదశికే చక్రం తిరగాలి, రాజుగారు స్వయంగా వస్తారు. పచ్చికుండ మూడెండలు ఆరితే గాని ఆవంలో పెట్టి కాల్చకూడదన్నది పోలమ్మ తాతలనాటి కట్టుబాటు. "ఒక్క ఎండ చాలు, తొందరగా కానివ్వండి" అని కోటాచారి ఆజ్ఞ పంపాడు. పంపాక కొంచెం అనుమానం వేసింది. 'తప్పైతే పోలమ్మ ఊరుకోదుగా' అనుకున్నాడు. బుట్ట చూశాడు. అన్నీ పసుపే. ఒక కట్ట మాత్రం చేతికి బరువుగా తగిలింది. అదీ పసుపే. 'ఏ మొక్కుబడి ప్రసాదమో' అనుకుని విప్పకుండానే పక్కన పడేశాడు.

ఏకాదశి వచ్చింది. రాజుగారు వచ్చారు, ఎండపల్లి ఊరంతా వచ్చింది. చక్రం కదిలింది. మొదటి చుట్టులో నీళ్ళు దూకాయి, జనం కేరింతలు కొట్టారు. రెండో చుట్టులో ఫట్‌మని ఒక కుండ, ఫట్‌మని ఇంకో కుండ. మూడో చుట్టు తిరిగేసరికి తాళ్ళకు కుండల మెడలే వేలాడుతున్నాయి. నీళ్ళు మళ్ళీ ఏట్లోనే పడ్డాయి.

ఒక ముసలి రైతు గుప్పెడు వాడిన నారు పట్టుకుని ముందుకొచ్చాడు. "మహాప్రభో, నారు ఇంకో మూడు రోజులాగుతుంది. ఆపైన ఆగదు" అన్నాడు.

"ఎవరిది ఈ తప్పు?" అని రాజుగారు గర్జించారు.

కోటాచారి చేతులు జోడించాడు. "చక్రానికేం కాలేదు ప్రభూ. కుండలే పగిలాయి" అన్నాడు.

"కుండలెవరివి?"

కోటాచారి వేలెత్తి పోలమ్మను చూపించాడు. ఆమె ఆ వేలు వంక చూసింది, అతని మొహం వంక చూసింది.

"మూడోనాడు సభలో విచారిస్తాను. తప్పు ఈమెదైతే కుండలు చేసే సారె పగలగొట్టి ఊళ్ళోంచి వెళ్ళగొట్టండి" అని రాజుగారు లేచి వెళ్ళిపోయారు. సారె పోతే కుమ్మరికి కూడేదీ, గూడేదీ?

కోటాచారి ఇంటికొచ్చి బుట్ట బోర్లించాడు. ఎందుకనుకున్నారు? 'పోలమ్మ ముందే చెప్పలేదు' అనడానికి ఋజువు కోసం! సిగ్గులేనితనం అంటే అదే మరి. ఒక్కో పసుపు దారమూ తెంపుతూ పోయాడు. ఒక ఆకు మీద కుండ బొమ్మ, దానికి సన్నటి బీట. పోలమ్మకు రాత రాదు, గీత వచ్చు. ఇంకో ఆకు మీద రెండు ముక్కలైన కుండ. అప్పుడు గుర్తొచ్చింది ఆ బరువు కట్ట. మూలనుంచి తెచ్చి విప్పాడు. పగిలిన కుండపెంకు. దాని లోపలి మట్టి ఇంకా సరిగా కాలనే లేదు.

కోటాచారికి తలకొట్టేసినట్టయింది. పెంకు తన చేతికే వచ్చింది. దారం రంగు చూశాడు గాని దారం విప్పలేదు.

బసవయ్యను పిలిపించి "దీనికి పసుపు దారం ఎవరు కట్టారు?" అని అడిగాడు.

"నేనే" అన్నాడు బసవయ్య నేలచూపులు చూస్తూ. "పోలమ్మ నల్లదారమే కట్టమంది. మూడుసార్లూ నాతో పోట్లాడింది. నాకే చేతులు రాలేదు. ఆ రోజు నువ్వన్న... తమరన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోందయ్యా."

బుట్ట పక్కన నల్లదారం ఉండ అలాగే ఉంది. దుమ్ము పట్టింది. జానెడు దారం తప్ప ఏమీ తరగలేదు. ఇది తరగలేదని చెప్పే కదా శాలువా కప్పించుకున్నాను అనుకునేసరికి భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది.

మర్నాడు పోలమ్మ ఇంటికి వెళ్ళాడు. దడి దాకా వెళ్ళాడు గాని లోపలికి వెళ్ళే మొహం చెల్లలేదు. పెరట్లో కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. నలభై. మూడెండలు ఆరి, ఆవంలో ఎర్రగా కాలిన కుండలు. చెప్పిన మాట ఎవరూ వినకపోతే, ఎండపల్లి నారు ఎండకూడదని ఆమె సావడి పని అయ్యాక ఇంట్లో చేసి, ఏకాదశి దాటాక ఆవంలోంచి తీసినవి. కోటాచారి చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాడు. దారంతా తల ఎత్తలేదు.

మూడోనాడు సభ. గుమ్మంలో చెంచురాయుడు చెవిలో ఊదాడు: "ఆ ఆకులు పొయ్యిలో వేసెయ్యండయ్యా. ఆమెకు రాత రాదు, సాక్ష్యం లేదు. తమ పరువు నిలబడుతుంది."

కోటాచారి అతన్ని దాటి వెళ్ళి రాజుగారి ముందు పెంకు పెట్టాడు, నల్లదారం ఉండ పెట్టాడు, శాలువా మడిచి పక్కన పెట్టాడు.

"ప్రభూ, నల్లదారం లేదని తమ దగ్గర గొప్పలు పోయాను. ఇదిగో, తరగని ఉండ. తప్పులు లేక తరగకపోలేదు. చెడు చెబితే నలుగురిలో చిన్నబుచ్చుతానని భయపడి ఎవరూ కట్టలేదు. పోలమ్మ మూడుసార్లు చెప్పింది. మూడోసారి నా చేతిలోనే పెట్టింది. విప్పనివాణ్ణి నేను. వేలు చూపించింది ఆమెను. తప్పు నాది, శిక్ష నాకు."

రాజుగారు నెమ్మదిగా మంత్రుల వైపు తిరిగి, "నాకు వచ్చేవీ పసుపు దారాలేనా?" అన్నారు. పాపం, మంత్రులంతా ఒక్కసారే కాళ్ళు చూసుకున్నారు.

"పోలమ్మ తప్పు లేదు. సారె జోలికి ఎవరూ పోవద్దు" అన్నారు రాజుగారు. "కోటాచారీ, నీకు వేరే శిక్ష వెయ్యను. ఇప్పుడు పడుతున్నదే చాలు."

ఆ పూటే కోటాచారి పోలమ్మ పెరట్లోంచి కుండలు తన నెత్తిన మోశాడు. బండి మీద వెయ్యనివ్వలేదు. పొద్దు గూకకముందే చక్రం తిరిగింది. ఎండపల్లి నారు నీళ్ళు తాగింది.

మర్నాటి నుంచి బుట్ట లేదు. ఆరు సావిళ్ళలో ఆరు చాపలు పడ్డాయి. రోజుకో చాప మీద కోటాచారికి విస్తరి. మొదటిరోజు కుండల సావడి. వాకిట్లోనూ కిటికీల దగ్గరా నూరుమందీ మూగారు. అన్నం వడ్డించారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"ఈ పూట వంక నాది" అన్నాడు కోటాచారి. "తోడబుట్టినదాని లాంటి మనిషి మీద, నా తప్పు కప్పుకోవడానికి వేలెత్తాను. ఈ వేలే."

ఎవరూ నవ్వలేదు. పోలమ్మ అతని విస్తరి వైపు చూసి అంది: "అన్నం చల్లారుతోంది. తినండి అయ్యగారూ."

ఆ అయ్యగారు అన్న పిలుపు ముద్దకంటే ముందే అతని గొంతుకు అడ్డం పడింది. మళ్ళీ అన్నా అని పిలవడానికి ఆమెకు రెండు వానాకాలాలు పట్టింది. పిలవమని అతను ఒక్కనాడూ అడగలేదు.

కథ కంచికి పోతే పోనివ్వండి, ఈ ఒక్క మాట మీ దగ్గర ఉంచుకోండి: తప్పు చెప్పినవాణ్ణి చిన్నబుచ్చే ఇంట్లో చెవిన పడే మంచి కబుర్లేవీ నమ్మదగ్గవి కావు.