ముదురు నారు

ఏ ప్రశ్నకైనా అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు బసవలింగంగారికి లేదు. అడిగిన వాళ్ళ చేతికి ముందు ఏదో ఒక పని అప్పజెప్పేవారు. మనసు నిలకడగా ఉండటం లేదని వచ్చినాయన చేత ఒకసారి నెల్లాళ్ళు గేదె పలుపుతాళ్ళు పేనించారు. ఆయన తాళ్ళు పేనడం నేర్చుకుని, అడగవలసింది మరిచిపోయి, సంతోషంగా ఇంటికి వెళ్ళిపోయాడు. కాలవగట్టున ఒక తాటాకుల పాక, దాని వెనక అరెకరం మాగాణి, సాయంత్రం పూట పాకలో పదిమంది చేరి తత్వం చెప్పుకోవడం, అదీ వారి ఆశ్రమం.

ఆ పదిమందిలో ఇందుమతి ఒకతె. ముప్పై ఆరేళ్ళ మనిషి. చదువంటే ఆవిడదే చదువు. రెండు ఎమ్మేలు, లా, బీఈడీ, ఆపైన ఎమ్ఫిల్, వెరసి ఐదు పట్టాలు. ఒక్కొక్కటీ చేతికి వచ్చినప్పుడల్లా ఇంక చాలుననిపిస్తుందేమోనని చూసేది. అనిపించేది కాదు. లా చదివి కోర్టు మెట్లెక్కలేదు, బీఈడీ చదివి సుద్దముక్క పట్టలేదు. బద్ధకమా అంటే కాదు, పాపం. పదిమంది ముందు నిలబడాలంటే ఆవిడకు కాళ్ళలో వణుకు. పుస్తకం ముందు కూర్చుంటే ఆ వణుకు ఉండేది కాదు.

ఏరువాక పున్నమి నాడు ఆవిడ సంచిలో రెండు కాగితాలు పెట్టుకుని గురువుగారి దగ్గరకు వచ్చింది. ఒకటి ఆరో పట్టా కోసం దరఖాస్తు. రెండోది సముద్రం పక్కనున్న ఉప్పుమళ్ళ పేట నుంచి నాంచారయ్య అనే పెద్దమనిషి రాసిన ఉత్తరం. "తల్లీ, మా పిల్లలు ముప్పై మంది. బడికని పాక వేసుకున్నాం, చెప్పే వాళ్ళు లేరు. శ్రావణ పౌర్ణమి దాకా నీకోసం చూస్తాం. ఆపైన ఆ పాకలో ఉప్పు బస్తాలు వేసుకుందామని మావాళ్ళు అంటున్నారు" అని అందులో ఉంది. నిరుడూ రాశాడాయన. నిరుడు ఈవిడ, వచ్చే ఏడు చూద్దామంది.

"అయ్యా, ఇంకో పట్టా తెచ్చుకోవడం మంచిదా, ఉన్నవాటితో పనిలోకి దిగడం మంచిదా?" అని అడిగి, ఆగలేక తనే అంది: "నాకింకా కాస్త బలం పట్టాలనిపిస్తోంది."

గురువుగారికి చదువంటే చిన్నచూపు లేదు. ఆవిడ పుస్తకం చదివి వినిపిస్తే చెవి ఒగ్గి వినేవారు. ఉత్తరం రెండుసార్లు చదివారు, మడిచి ఇచ్చేశారు.

"ఇవాళ నారు పోస్తున్నాం. మడి నీకు అప్పజెప్తున్నానమ్మాయ్. నీళ్ళు పెట్టడం దగ్గర్నుంచి నారు ఎప్పుడు తీయాలో చెప్పడం దాకా నీదే భారం."

నాలుగో రోజుకు మడిలో సూదుల్లా మొలక కనిపించింది. పది రోజులకు చిలకపచ్చ చాప పరిచినట్టయింది. ఇందుమతికి దాని మీద ఎంత మమకారం పుట్టిందంటే, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుంటే గ్లాసు చల్లారిపోయేది గాని ఆవిడ కళ్ళు మడి మీంచి కదిలేవి కావు.

ఇరవై అయిదో రోజున, నాట్లు వేసే ఊడ్పు ముఠాకు పెద్ద, కోటమ్మ వచ్చింది. గురువుగారు ఇందుమతిని చూపించి, "ఈ అమ్మాయికి ఐదు పట్టాలున్నాయి కోటమ్మా" అన్నారు.

కోటమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఐదా! ఏ ఊళ్ళోనమ్మా? మెరకా, పల్లమా?"

ఇందుమతికి నవ్వాగలేదు. "భూమి పట్టాలు కాదు కోటమ్మా, చదువు పట్టాలు."

"ఏదైతేనేంలే, పట్టా పట్టాయేగా. సాగులో ఎంతుంది మరి?"

ఎగతాళికి అన్న మాట కాదది. పట్టా ఉందంటే ఆ ఊళ్ళో ఎవరైనా తర్వాత అడిగేది అదే. ఇందుమతి నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. గురువుగారు గేదెకు గడ్డి వేయాలని లేచి వెళ్ళారు.

"సర్లే, పొలం దమ్ము చేసి ఉంది. రేపు దిగుదామా?" అంది కోటమ్మ.

ఇందుమతి మడి వంక చూసింది. అంత పచ్చటిదాన్ని పీకి బురదలో గుచ్చడానికి మనసొప్పలేదు. "ఇంకో వారం ఆగుదాం. కాస్త బలం పట్టనీ."

వారం తర్వాత కోటమ్మ మళ్ళీ వస్తే మళ్ళీ అదే మాట. మూడోసారీ అదే. చుట్టుపక్కల పొలాలన్నీ ఊడ్పులయిపోయాయి. నలభై ఎనిమిదో రోజున కోటమ్మ అడగడం మానేసి, ముఠాతో సహా మడిలోకి దిగి, ఒక మొక్క పీకి ఇందుమతి చేతిలో పెట్టింది.

"ఇదిగో, గోరు పెట్టి చూడు. కణుపు కట్టింది. బలం పట్టనీ, బలం పట్టనీ అంటివి. పట్టిందమ్మా, పట్టలేదని ఎవరన్నారు? మడిలోనే పట్టింది. వేళ్ళన్నీ ఇక్కడే దిగిపోయినయ్యి, లాగితే తెగుతున్నయ్యి. పిలకలేసే ఈడు కాస్తా మడిలోనే గడిచిపోయింది దీనికి."

"బాగా చదువుకున్న నారు గదక్కా, అట్టాగే ఉంటది" అంది వెనకనుంచి ఒకామె. అందరూ నవ్వారు.

ఇందుమతి నవ్వలేదు. బలం పట్టనీ అన్న మాట తను ముందు ఎక్కడ అన్నదో, ఎవరి గురించి అన్నదో గుర్తొచ్చింది. చేతిలో మొక్క మసకబారింది. "అయితే ఇదంతా పారేయాలా కోటమ్మా?" అంది సన్నగా.

కోటమ్మ గొంతు మెత్తబడింది. "పారేయడమేంటి తల్లీ, అన్నం పెట్టే మొక్కని? లేత నారైతే కుదురుకి రెండు మొక్కలు, ఎడం ఎడంగా పెడతాం. ముదురు నారైతే నాలుగైదు కలిపి, దగ్గర దగ్గరగా పెడతాం. ఒక్కటే నిలబడలేకపోయినా నలుగురితో నిలబడుద్ది. చీర ఎగదోపి దిగు, చూస్తా నిలబడితే ఎట్టా?"

ఇందుమతి దిగింది. మోకాలి లోతు బురదలో కాళ్ళు వణికాయి గాని, పక్కనున్న ఆడవాళ్ళవీ వణుకుతూనే ఉన్నాయని అప్పుడు చూసింది. ఆవిడ వేసిన వరస పాము పోయినట్టు పోయింది. కోటమ్మ వెనకే వచ్చి, నవ్వుతూ, ఒక్కొక్క కుదురూ సర్దుకుంటూ పోయింది.

మర్నాటికి నారంతా వాడి, పసుపెక్కి, నీళ్ళ మీద వాలిపోయింది. ఇందుమతి పరుగున పాకలోకి వచ్చింది. "అయ్యా, బతుకుతాయంటారా?"

"మడిలో ఉన్న నలభై ఎనిమిది రోజుల్లో ఒక్కనాడైనా ఈ మాట అడిగావా?" అన్నారు గురువుగారు.

"లేదండీ. అక్కడ పచ్చగానే ఉన్నాయిగా."

"ఊఁ" అని ఆయన గేదె దగ్గరకు వెళ్ళిపోయారు.

తర్వాత తొమ్మిది రోజులూ ఇందుమతి గట్టు వదల్లేదు. కొన్ని మొక్కలు చచ్చాయి, వాటి చోట కొత్తవి గుచ్చింది. పదో రోజు పొద్దున చూస్తే వాలిన తలలు లేచి ఉన్నాయి. పసుపు లోపలినుంచి లేతాకుపచ్చ తొంగి చూస్తోంది. నారు మూన తిరిగింది, కొత్త నేలలో వేరు పట్టుకుంది. మర్నాడే శ్రావణ పౌర్ణమి.

ఇందుమతి స్నానం చేసి, సంచి సర్దుకుని వచ్చింది. ఆరో పట్టా దరఖాస్తు తీసి, చించకుండా, జాగ్రత్తగా మడిచి పాక చూరులో దోపింది. గురువుగారి కాళ్ళకు దండం పెట్టి లేచినా, గుమ్మం దాటలేక అక్కడే నిలబడింది.

"ఎనిమిదింటికి ఉప్పుమళ్ళ పేట బస్సుందటండీ. కాని అయ్యా, నాకు ముప్పై ఆరేళ్ళు. నేనూ ముదిరిపోయానేమో."

గురువుగారు పాక వెనక అరెకరం వైపు కాసేపు చూశారు.

"కోటమ్మ ఎలా నాటిందో మరిచిపోకు తల్లీ" అన్నారు. "దగ్గర దగ్గరగా."