నున్నని బొండకొయ్య

పర్వతాచారిగారి దగ్గర వడ్రంగం నేర్చుకున్నవాళ్లెవరూ ఆయన వాదించగా చూడలేదు. ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే తనకు తెలిసిన మనిషి సంగతేదో చెప్పి, మళ్లీ పనిలో పడేవారు. ఒకరోజు విరూపయ్య అనే శిష్యుడు అడిగాడు.

"గురువుగారూ, వస్తువును లోపం లేకుండా చేసివ్వడం వరకే కదా మన పని. తీసుకుపోయినవాడు దాన్ని మంచికి వాడినా చెడ్డకు వాడినా ఆ పాపపుణ్యాలు వాడివే. మనకేం సంబంధం?"

ఆయన ఉలి పక్కన పెట్టారు. మౌనాచారి సంగతి చెప్పారు.

మౌనాచారి ఒక సంస్థానంలో పేరున్న వడ్రంగి. మనసు మెత్తన. కాడి చేసేటప్పుడు కూడా ఎద్దు మెడ ఒరుసుకుపోకుండా దాని అంచుల్ని పదేపదే తడిమి చూసుకునేవాడు. ఆ రోజుల్లో దొరగారి వెట్టికి రానివాళ్లను ఠాణా ముందు బొండకొయ్యలో వేసేవారు. ఒకదాని మీద ఒకటి రెండు బరువైన దుంగలు, వాటి మధ్య కాళ్లు పట్టేటంత రంధ్రాలు. కాళ్లు పెట్టించి పైదుంగకు తాళం వేస్తే ఇక మనిషి లేవలేడు. మౌనాచారి ఒకనాడు సంతకు పోతూ, అందులో కూర్చున్న ఒక పడుచువాడి చీలమండలు చూశాడు. చర్మం ఊడిపోయి, ఈగలు ముసురుతున్నాయి. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. మర్నాడు ఠాణాదారు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, శిక్ష వేయడం మీ ఇష్టం. కొయ్య మాత్రం నన్ను చేయనివ్వండి. కాళ్లు కోసుకుపోకుండా చేస్తాను."

ఠాణాదారు సరేనన్నాడు. బక్కవాళ్లవీ బలిసినవాళ్లవీ కాళ్లు కొలుచుకుని, మంచి టేకు తెచ్చి, అంచులన్నీ గుండ్రంగా తీసి, లోపల మేకతోలు పరిచాడు మౌనాచారి. ఆ కొత్త కొయ్యలో మొదట కూర్చున్నవాడు అతన్ని చూసి దణ్ణం పెట్టాడట. దొరగారు పిలిపించి శాలువా కప్పారు. తన చేతిపని ఇన్నాళ్లకు ఒక దుఃఖాన్ని తగ్గించిందని అతను ఇంట్లో చెప్పుకుని సంతోషించాడు.

ఆ ఏడు తొలకరి పడగానే పెంటయ్య అనే రైతు వెట్టికి పోకుండా తన చెలకలో విత్తనం వేసుకుంటూ ఉండిపోయాడు. పట్టుకొచ్చి కొయ్యలో వేశారు. పాత కొయ్య రోజుల్లో అయితే పొద్దు వాలేసరికి కాళ్ల నుంచి నెత్తురు కారేది. దారిన పోయే ఆడవాళ్లు గొల్లుమనేవారు. నలుగురు పెద్దలు కలిసి దొర ఉండే గడీకి వెళ్లి బతిమాలేవారు. నెత్తురు చూడలేని దొర, విసుక్కుంటూనే వదిలేయమనేవాడు. ఇప్పుడు నెత్తురు లేదు. పెంటయ్య అరుగు మీద కూర్చున్నట్టే కనిపించేవాడు. జనం చూసి, పలకరించి, ఎవరి పనికి వాళ్లు పోయేవారు. రేపో మాపో వదులుతారులే అనుకున్నారు పెద్దలు. ఠాణాదారుకు తొందరేమీ లేదు. అతన్ని వదిలేనాటికి అందరి చేలల్లోనూ పైరు మోకాలెత్తు లేచింది. పెంటయ్య కాళ్ల మీద చిన్న గీత కూడా లేదు. వాటిలో జీవమూ లేదు. ఇద్దరు మనుషులు మోసుకుపోయి ఇంట్లో పడుకోబెట్టారు.

సంగతి తెలిసి మౌనాచారి ఠాణాకు పరుగెత్తాడు. తన కొయ్య తనకు ఇచ్చేయమన్నాడు. ఠాణాదారుకు నిజంగానే అర్థం కాలేదు.

"నీ పనిలో వంకేముందయ్యా? ఒక్కడికీ గాయం కాలేదు. పక్క ఠాణాలవాళ్లు కూడా నీ కొలతలే రాసుకుపోయారు."

మౌనాచారి తిరిగి వచ్చేశాడు. చేయగలిగింది ఇంకేమీ తోచక, పెంటయ్యకు చంకకర్రలు చేసి తీసుకుపోయాడు. పెంటయ్య భార్య లచ్చవ్వ వాటిని అందుకుని, పైనుంచి కిందికి చేత్తో నిమిరింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"ఇవి సుత నున్నగనే చేసినవు, ఆచారయ్యా."

ఆ తరవాత చాలా ఏళ్లు బతికాడు మౌనాచారి. పని మానలేదు. ఠాణా వీధిన మాత్రం నడవలేదు. సంతకు పోవాలంటే చేలగట్ల మీదుగా, ఎంత బురదైనా, ఊరు చుట్టి పోయేవాడు.

విరూపయ్య నెమ్మదిగా అన్నాడు. "ఆయన మేలు చేద్దామనే కదండీ చేసింది. అదీ తప్పేనా?"

"తప్పని నేననలేదు నాయనా," అన్నారు పర్వతాచారిగారు. "అందరి కాళ్లకూ కొలత తీసుకున్నాడు. ఎన్నాళ్లు ఉంచుతారని అడగలేదు."