బుజ్జులు నింపుకున్న గుంట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులులూ సింహాలూ ఉండేవి గానీ, ఈ కథ వాటిది కాదు. అక్కడి విశ్వవిద్యాలయంలో వ్యాపారం చదువుకునే ఒక ముళ్లపందిది.

వాడి పేరు బుజ్జులు. వాళ్లమ్మ పెట్టింది. తనకు తాను పెట్టుకున్న పేరు అగ్నికణం. ఆ పేరుతో ఎవరూ పిలవరు. అది వాడి మొదటి కోపం. రెండో కోపం లాభం మీద. మూడో కోపం తాబేలు మేడమ్ మీద, ఎందుకంటే ఆవిడ పాఠాలన్నీ ఆటలాడించి చెబుతుంది. నవ్వకండి పిల్లలూ, బుజ్జులు మా జట్టువాడే. మేం సగం చదివి వదిలేసిన విప్లవం పుస్తకాలే వాడూ సగం చదివాడు.

"లాభం అంటే పడనివాడివి వ్యాపారం ఎందుకు చదువుతున్నావురా?" అని ఒకసారి కుందేలు తెల్లి అడిగింది.

"కోటలో దూరి కోటను కూల్చడానికి," అన్నాడు బుజ్జులు.

"ఫీజు కట్టి మరీ కూలుస్తున్నావన్నమాట."

ఎండాకాలం వచ్చింది. అడవి దారిలో ఏటా ఆ క్లాసువాళ్లే చలివేంద్రం పెట్టి, దాహంతో వచ్చినవాళ్లకు నీళ్లు పోస్తారు. ఈసారి దాన్ని తానే నడపాలని బుజ్జులు కల. ప్రారంభోపన్యాసం కూడా రాసి పెట్టుకున్నాడు.

"ముందు ఒక ఆట ఆడదాం. అయ్యాక చలివేంద్రం ఎవరి చేతికివ్వాలో మీరే తేల్చండి," అంది మేడమ్.

ఆవిడ నేలమీద వామనగుంటలు తవ్వించింది. తలా ఒక గుంట ఇచ్చి, అందులో చింతపిక్కలు పోసింది.

"ఈ గుంట మీ నీటి దుకాణం. పిక్క అంటే కుండెడు నీళ్లు. ఎండ పెరిగినకొద్దీ నేను పిక్కలు తీసేస్తుంటాను. వానలు పడేదాకా..."

అప్పుడే బుజ్జులు లేచాడు. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"దాహంతో ఆటలా? గొంతెండినవాడికి గవ్వలా? నేను ఖండిస్తున్నాను."

"గవ్వలు కాదురా, చింతపిక్కలు," అంది తెల్లి.

"వాటినీ ఖండిస్తున్నాను."

ఈ ఖండన ముగిసేలోగా మేడమ్ మాట ముగిసింది. ఆ మాట అందరూ విన్నారు. బుజ్జులు ఒక్కడే వినలేదు.

"ఆడతావా, మానతావా నాయనా?" అంది మేడమ్.

"ఆడతానండి. ఈ ఆట ఎంత కుళ్లిందో ఆడే చూపిస్తాను."

చిన్నప్పటి నుంచీ వాళ్లమ్మతో వామనగుంటలు ఆడినవాడు. ఎక్కువ పిక్కలు ఎవరి దగ్గరుంటే వాళ్లదే గెలుపని వాడికి తెలుసు. ఇంక అడిగేదేముంది?

మొదటి విడతలో వాడు ఎలుగుబంటి దగ్గరికి వెళ్లాడు. "నీ పిక్కలు నా గుంటలో కలిపెయ్ అన్నా. దీన్నే ఐక్యత అంటారు."

ఎలుగుబంటి కొన్ని ఉంచుకుని మిగతావి కలిపేసి, "మరి నా వాటా?" అంది.

"వాటా అడిగితే ఐక్యత దెబ్బతింటుంది అన్నా."

రెండో విడతలో జింక దగ్గరికి వెళ్లాడు. "నీవి కూడా ఇటివ్వు. ఇది ఉమ్మడి నిల్వ." జింకా కొన్ని ఉంచుకుని మిగతావి ఇచ్చేసింది. ఉమ్మడి నిల్వ మీద బుజ్జులు ముళ్లు విప్పి కూర్చున్నాడు.

మూడో విడతలో ఎండ ముదిరింది. తెల్లి గుంటలో మిగిలిన ఒక్క పిక్కనూ మేడమ్ తీసేసింది.

"ఒక్కటివ్వరా బుజ్జులూ. నా గుంట ఎండిపోయింది."

బుజ్జులు తన కుప్పను చూసుకున్నాడు. ఒక్కటి తీస్తే తెలిసేది కూడా కాదు. కానీ గెలుస్తున్నాడు. అలా గెలవడం ఎంత బాగుందో వాడికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

"ముందు గెలవనీ తెల్లీ, తర్వాత అందరికీ పంచుతాను. గెలిచావా అని రేపు చరిత్ర నన్ను అడుగుతుంది."

"చరిత్రకు దాహం లేదురా. నాకుంది."

వాడు ఇవ్వలేదు.

వాన పడిందన్న గుర్తుగా మేడమ్ డప్పు కొట్టింది. "గెలిచాను," అంటూ బుజ్జులు గెంతాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"నియమం ఏమిటో ఎవరైనా చెప్పండి," అంది మేడమ్.

ఎలుగుబంటి చెప్పింది. "వానలు పడేదాకా ఎవరి గుంటా ఎండకూడదు. ఒక్కటెండినా అందరం ఓడినట్టే. వీడికీ తెలుసుననే నా పిక్కలిచ్చాను. నా గుంట ఎండితే తిరిగి పోస్తాడనుకున్నాను."

"నేనూ అంతే," అంది జింక.

"ఈ సంగతి ముందే చెప్పాలి కదండీ," అన్నాడు బుజ్జులు.

"చెప్పాను. అప్పుడు నువ్వు ఖండిస్తున్నావు."

బుజ్జులు ముళ్లు ఒక్కొక్కటే వాలిపోయాయి. ఇన్నాళ్లూ వాడు తిట్టిన షావుకారు ఎక్కడో లేడు. ఆ కుప్ప మీదే కూర్చున్నాడు.

"ఇది ఆట కాబట్టి సరిపోయింది," అంది మేడమ్ మెల్లగా. "నిజం చలివేంద్రంలో అయితే తెల్లి సొమ్మసిల్లి పడిపోయేది."

చలివేంద్రం తెల్లి చేతికి వచ్చింది. ఎండిన గుంట ముందు కూర్చున్నది అదొక్కతే కదా. కుండలు మోసే పని బుజ్జులు అడిగి తీసుకున్నాడు. మొదటి రోజే కుండ దించి, గొంతు సవరించుకుని, "నీరు అందరి హక్కు..." అని మొదలుపెట్టాడు.

"ముందు ముంత అందుకోరా," అంది తెల్లి.

ఒక ముసలి నక్క దారి దిగి వచ్చింది. బుజ్జులు ముంత నింపి ఇచ్చాడు. నక్క గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నీ పేరేంటి బాబూ?" అని అడిగింది.

అగ్నికణం అనబోయాడు. నక్క ఇంకా ముంత చాపే ఉంది. మళ్లీ నింపాడు.

"బుజ్జులండి," అన్నాడు.

నీతి: చేతికి కుప్ప వచ్చినప్పుడు ఏం చేస్తామో అదే మన సిద్ధాంతం, అంతకుముందు అరిచినదంతా గొంతు సాధన.